లోవమ్మ అడ్డుచెక్క

దేవరాపల్లి నుంచి జీలుగరువు కొండ మీదికి తిరిగే సర్వీసు జీపుల్లో ఇరవై ఆరేళ్లపాటు ఒక్క పైసా ఇవ్వకుండా తిరిగిన మనిషి లోవమ్మ ఒక్కతే. బడి మేస్టారు ఇచ్చేవాడు, నర్సమ్మ ఇచ్చేది, మధుపర్కాల్లో ఉన్న పెళ్లికొడుకు కూడా ఇచ్చే ఎక్కేవాడు. లోవమ్మ ఇచ్చేది కాదు, ఆవిణ్ని ఎవరూ అడిగేవారూ కాదు. అలాగని ఆవిడ జీపుల ఓనర్లకి చుట్టమూ కాదు, నోరు పెట్టి దబాయించే రకమూ కాదు.

అసలు సంగతి వేరే ఉంది. సర్వీసు జీపంటే పదిమంది పట్టే బండిలో పాతికమంది. టాపు మీద నలుగురు, వెనక వేలాడుతూ అయిదుగురు, ఒళ్లో పిల్లలు, కాళ్ల కింద కోళ్లు. అంత బరువుతో కొండ ఎక్కుతుంటే ఎదురుగా ఇంకో బండి వచ్చినా, ఇంజను వేడెక్కినా, టాపు మీంచి ఎవరి మూటో జారిపడినా మధ్యలో ఆపక తప్పదు. ఆపితే బండి వెనక్కి జారుతుంది. హ్యాండు బ్రేకు అనేది ప్రతి జీపుకీ ఉండేది. డ్రైవర్లు దానికి అన్నం సంచీ తగిలించుకునేవారు. అంతకుమించి దానివల్ల ఉపయోగం ఉంటుందని వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకని బండి ఆగీ ఆగగానే ఎవరో ఒకరు దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. క్లీనర్ని పెట్టుకుంటే జీతం దండగ, పైగా ఒక మనిషి చోటు పోతుంది.

ఎనభయ్యో సంవత్సరంలో ఒకరోజు అలా జారుతున్న జీపులో లోవమ్మ ఉంది. పక్కన పద్నాలుగేళ్ల కొడుకు పరదేశి ఉన్నాడు. కొండమీద వాళ్ల మెట్టచేలో పండిన పసుపు రెండు మూటలు కట్టుకుని సంతకి వెళ్లి, మిగిలింది పట్టుకుని తిరిగొస్తున్నారు. బండి వెనక్కి కదిలింది. లోయవైపు కూర్చున్నవాళ్లు దేవుణ్ని తలుచుకోవడం మొదలుపెట్టారు. లోవమ్మ దేవుణ్ని తర్వాత చూసుకోవచ్చని కిందికి దూకి, దారి పక్కనున్న రాయి ఎత్తి చక్రం కింద తోసింది. బండి ఆగింది. ఆరోజు డ్రైవరు ఆవిడ దగ్గర డబ్బులు తీసుకోలేదు. మర్నాడు ఇంకో డ్రైవరు తీసుకోలేదు. ఆ తర్వాత జీపు వెనక పలక దగ్గర ఎడంవైపు చివరి చోటు లోవమ్మది అయిపోయింది.

నాలుగో ఏడు వానాకాలంలో తడిసిన రాయి జారింది. చక్రం రాయి మీద కాకుండా చేతి మీద ఎక్కింది. ఎడమచేతి చిటికెనవేలూ, ఉంగరపువేలూ మొదటి కణుపు దాకా పోయాయి. ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. మొగుడు సింహాద్రి చేను విడిచి ఎక్కడికీ కదిలే మనిషి కాదు, ఆయన కూడా కొండ దిగివచ్చి మంచం పక్కన కూర్చుని, ఇంక ఆ పని మానెయ్యమన్నాడు. ఆవిడ సరేనంది. ఆసుపత్రి నుంచి తిన్నగా వడ్రంగి దగ్గరికి వెళ్లి, చింతకర్రతో మూరెడు పొడుగున ఏటవాలు చెక్క ఒకటి చేయించుకుంది. దానికి బెజ్జం పెట్టించి తాడు కట్టింది. తాడు చేతిలో ఉంటే చెయ్యి చక్రం దగ్గరికి వెళ్లక్కర్లేదు. బండి ముందుకి కదిలినప్పుడు మళ్లీ తన చోట్లో కూర్చుని తాడు లాగితే చెక్క దానంతటదే వచ్చి ఒళ్లో పడుతుంది. ఇంత తెలివైన ఏర్పాటు ఆ రూట్లో అంతకుముందు లేదు. నెలలు నిండిన ఆడవాళ్లు జీపు ఎక్కే ముందు లోపలికి తొంగిచూసి లోవప్ప ఉందా అని అడిగేవారు. ఆవిడకి అది గర్వంగా ఉండేది. ఉండదా మరి.

అలాంటి లోవమ్మకి రెండువేల ఆరులో, యాభై ఎనిమిదో ఏట, ఒక పెద్ద పరీక్ష వచ్చింది. మనవరాలు నీలవేణికి జీపు ఎంచవలసి వచ్చింది.

నీలవేణి పరదేశి కూతురు. పరదేశి పెళ్లయ్యాక అనకాపల్లిలో స్థిరపడి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని చేస్తున్నాడు. బెల్లం దిమ్మ చూస్తే ఏ ఊరి పొయ్యి మీద కాగిందో చెప్పగలడు గాని, జీపు బానెట్టు ఎత్తి చూపిస్తే మర్యాదకి తల ఊపుతాడు. నీలవేణి అలా కాదు. పదిహేనేళ్లకే మునగపాకలో మేనమామ చెరుకు ట్రాక్టరు పట్టేసింది. ఇంటరు పరీక్షలు అవగానే, పద్దెనిమిది నిండిన వారంలోనే లైసెన్సు పనిలో పడి, తెచ్చుకుంది. ఆ లైసెన్సులో ఫొటో బాగోలేదని మూడు రోజులు ఏడ్చింది కూడా.

పిల్లకి జీపెందుకంటే, అంతకుముందు ఏడు కొండమీద తాత పండించిన అనాసపళ్లు సగానికి సగం దారి పక్కనే కుళ్లిపోయాయి. సర్వీసు జీపులవాళ్లు మనుషుల్ని ఎక్కించుకున్నాక చోటుంటే పళ్లు ఎక్కిస్తారు, చోటు ఎప్పుడూ ఉండదు. సొంతానికి ఒక పాత జీపు ఉంటే పళ్లు కోసిన రోజే అనకాపల్లి చేరతాయని నీలవేణి లెక్క. జీలుగరువు దాటి చేలోకి వెళ్లేది మట్టి బాట, వాన పడితే బురద. కాబట్టి నాలుగు చక్రాలకీ గేరు పడే జీపే కావాలి. పరదేశి ముందు స్కూటీ కొంటానన్నాడు. స్కూటీ మీద ఎన్ని అనాసపళ్లు పడతాయో చెప్పమంది కూతురు. ఆఖరికి ఒప్పుకున్నాడు. డబ్బు సంగతి ఏదో తంటాలుపడి చూసుకున్నాడు, ఆ గొడవ మనకొద్దు. ఒక్క షరతు పెట్టాడు, మామ్మ బాగుందన్న బండే కొనాలని.

లోవమ్మకి ఈ సంబరం ఏమీ నచ్చలేదు. ఆవిడ కళ్లముందు తెల్లరాయి మలుపు ఉంది. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, మధ్యలో ఏటవాలు. అక్కడ బండి ఆపవలసి వస్తే? పిల్ల ఒక్కతే ఉంటే? ఆ భయం ఆవిడ పైకే చెప్పింది. చెప్పాక, తను ఎంచకపోతే ఇంకెవరో ఎంచుతారని తట్టి, సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

ఆవిడ ఏనాడూ స్టీరింగు ముట్టుకోలేదు. ఆవిడకి జీపంటే వెనకవైపు నుంచే తెలుసు. కాని ఇరవై ఆరేళ్లు వెనక కూర్చున్న మనిషికి తెలిసేవి ముందు కూర్చున్నవాడికి తెలియవు. చెప్పులు విప్పి పాదాలు రేకుకి ఆనిస్తే ఆ వణుకు మడమ దగ్గర ఆగుతోందా, మోకాలి దాకా వస్తోందా చూస్తుంది. చీరకొంగు వాసన చూసి బండి డీజిలు తాగుతోందో, అందులో కిరసనాయిలు కలుస్తోందో చెబుతుంది. అన్నిటికన్నా ముందు నెత్తి మీది కడ్డీ తడుముతుంది. జనం పట్టుకుని వేలాడే కడ్డీ అది. ఎంత నున్నగా అరిగితే బండి అంతమందిని మోసినట్టు.

మొదటి జీపు బుచ్చయ్యపేటలో ఒక కాంట్రాక్టరుది. ఎర్రరంగు కొత్తగా కొట్టించాడు, సీట్లకి పులిచారల గుడ్డ, పాటల డబ్బా. నీలవేణి కళ్లు మెరిశాయి. అది తన కుటుంబం తిరగడానికి తప్ప ఇంకెందుకూ వాడలేదని కాంట్రాక్టరు ఒట్టేసినంత పని చేశాడు. లోవమ్మ ఎక్కి కడ్డీ తడిమింది. రంగు కింద వేళ్లకి గుంటలు తగిలాయి, వరసగా, మనిషికొకటి చొప్పున. ఆవిడ కిందికి దిగి, మీది పెద్ద కుటుంబమే బాబూ అని మాత్రం అంది. కాంట్రాక్టరుకి అర్థమైంది. మజ్జిగైనా తాగి వెళ్లమన్నాడు.

రెండోది మునగపాకలో, మేనమామకి తెలిసినవాళ్ల దగ్గర. పాదాల వణుకు బాగుంది, కడ్డీ బాగుంది, కొంగుకి ఏ వాసనా అంటలేదు. లోవమ్మ బాగుందని అనబోతుండగా నీలవేణి ముందు చక్రాల గేరుకి వేసే చిన్న కడ్డీ పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. ఓనరు నవ్వి, చెరుకు తోటల్లో దాంతో పనేముందని, తను కొన్నప్పట్నుంచీ అది అలాగే ఉందని చెప్పాడు. బురదలో తనకి కావలసింది అదేనని చెప్పి నీలవేణి దిగిపోయింది. లోవమ్మ మనవరాలి వంక కొత్తగా చూసింది. పిల్లకి ఫొటో గొడవే కాదు, కాస్త బుర్ర కూడా ఉందని సంతోషించింది.

మూడో జీపు దేవరాపల్లిలో తాతబ్బాయిది. పదేళ్లుగా అదే కొండ మీదికి ఎరువుల బస్తాలు, పనసకాయలు తోలిన మనిషి. మోకాళ్లు అరిగి క్లచ్చి తొక్కలేక అమ్మేస్తున్నాడు. పచ్చరంగు ఎండకి వెలిసి ఏ రంగో చెప్పడం కష్టంగా ఉంది, టాపు గుడ్డకి నాలుగు మాసికలు. ఈసారి పరదేశి అనకాపల్లి నుంచి మెకానిక్కు దేవీప్రసాద్‌ని కూడా తీసుకొచ్చాడు. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు, బావా అంటే బావా అనుకుంటారు. దేవీప్రసాద్ ఇంజను విని బాగుందన్నాడు. చిన్న కడ్డీ ఒక్క చేత్తో పడింది, నాలుగు చక్రాలూ అందుకున్నాయి. లోవమ్మ కడ్డీ తడిమింది, పాదాలు ఆనించింది, కొంగు వాసన చూసింది. ఏ వంకా దొరకలేదు. ఇంక మిగిలింది ఎత్తు మీద చూడటం.

ఊరు దాటాక కొండ మొదలయ్యే చోట మొదటి ఏటవాలు ఉంది. నీలవేణి నడిపింది. తాతబ్బాయి పక్కన కూర్చున్నాడు. వెనక దేవీప్రసాద్, పరదేశి, పలక దగ్గర తన చోట్లో లోవమ్మ. ఎత్తు మధ్యకి వచ్చాక దేవీప్రసాద్ ఆపమన్నాడు, గేరు తీసేసి హ్యాండు బ్రేకు లాగి కాలు తియ్యమన్నాడు. నీలవేణి ఆపింది. బ్రేకు బిగుతుగానే వచ్చింది. కాలు తీసింది. జీపు వెంట్రుకవాసి కదల్లేదు. దేవీప్రసాద్ దిగి బానెట్టు ఎత్తి ఇంజను వేడి చూశాడు. తాతబ్బాయి దిగి చుట్ట వెలిగించుకున్నాడు. అయిదు నిమిషాలైనా బండి అక్కడే నిలబడింది. పరదేశి తల్లివైపు తిరిగి ఎలా ఉందన్నాడు.

"బాగుంది. ఇదే తీసీసుకో," అంది లోవమ్మ.

ఆ మాట కోసమే చూస్తున్న నీలవేణి మామ్మని వాటేసుకుంది. తాతబ్బాయి ఇంట్లో అందరూ టీ తాగారు, బయానా ఇచ్చారు, వారంలో వచ్చి బండి తీసుకెళతామని చెప్పి బస్సెక్కి అనకాపల్లి వచ్చేశారు.

సాయంత్రం పరదేశి ఇంట్లో లోవమ్మ సంచీ ఖాళీ చేస్తోంది. మందుల చీటీ, ఆకు వక్క, తువ్వాలు, చెక్క. చెక్క కింద పెట్టబోయి మళ్లీ ఎత్తి చూసింది. ఏటవాలు ముఖం మీద టైరు అచ్చు, ఎర్రమట్టితో, తడి ఆరకుండా ఉంది. పోయిన సంత నాడు ఇంటికొచ్చాక తనే దాన్ని కడిగి ఎండలో పెట్టింది. ఈరోజు వెళ్లింది బస్సులో, వచ్చింది బస్సులో. ఎక్కిన జీపు ఒక్కటే.

ఆవిడ మెల్లగా కూలబడింది. బండి ఆగగానే తను దిగింది. ఎప్పుడు దిగిందో గుర్తులేదు. చక్రం కింద చెక్క పెట్టింది. బండి కదిలాక కూర్చుని తాడు లాగింది, చెక్క సంచీలో వేసుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఊపిరి పీల్చినట్టు చేస్తున్న పనిని ఇవాళ మాత్రం చేతులు ఎందుకు మానుకుంటాయి? ఆ అయిదు నిమిషాలూ బండిని పట్టింది హ్యాండు బ్రేకో, చింతచెక్కో ఎవరికీ తెలియదు.

వీధి అరుగు మీద నీలవేణి పక్కింటివాళ్లకి తన జీపు సంగతి చెబుతోంది. దానికి నీలం రంగు వేయిస్తుందట. పరదేశి మా అమ్మ ఎంచిన బండి అని ప్రతివాడికీ చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు వెళ్లి ఏమని చెప్పడం? ఇన్నేళ్ల పేరు ఒక్క మాటతో పోతుంది. అదీగాక అనాసపళ్లు ఇంకో ఇరవై రోజుల్లో కోతకొస్తాయి, ఈ బేరం చెడితే మళ్లీ ఇంకోటి దొరకాలి. అయినా ఏం కొంపమునిగింది, బ్రేకు లేకపోతే చెక్క ఉంది, తను ఉంది. పిల్ల వెంట తను వెళ్తూనే ఉంటుంది కదా అని నచ్చజెప్పుకుంది. అంతకు ముందు ఏ జీపుకి మాత్రం బ్రేకుంది గనక?

అలా నచ్చజెప్పుకున్నాక లేచి వంటింట్లోకి వెళ్లింది. చింతపండు పిసుకుదామని గిన్నెలో చెయ్యి పెట్టింది. పెట్టింది ఎడమచెయ్యి. నీళ్లలో మూడు వేళ్లు పొడుగ్గా, రెండు పొట్టిగా కనిపించాయి. తను లేని రోజు ఆ చెక్క పట్టుకుని దిగేదెవరు? నీలవేణే. ఆ మలుపులో ఒక్కతే, వాన రోజున, చక్రం కింద చెయ్యి పెట్టేది ఆ పిల్లే. లోవమ్మ గిన్నె పక్కకి తోసేసింది. చెయ్యి తుడుచుకుని వీధిలోకి వచ్చింది.

పక్కింటివాళ్లు ఉండగానే చెప్పేసింది. ఆగితే మళ్లీ ధైర్యం పోతుందని ఆవిడ భయం.

"నీలా, ఆ బండి కొండమీద నిలబడింది నీ బ్రేకుకి కాదు. నేను సెక్క పెట్టేసేను. నాకే తెలీకుండా పెట్టేసేను. ఇదిగో సూడు అచ్చు."

పరదేశి ముఖం మాడ్చుకున్నాడు. నలుగురిలో ఆ మాట అనకుండా ఉండాల్సిందని, బయానా ఇచ్చేశాక చెబితే ఏం లాభమని గొణిగాడు. నీలవేణి చెక్క చేతిలోకి తీసుకుని ఆ అచ్చు చాలాసేపు చూసింది. తర్వాత ఒక సంగతి చెప్పింది. బండి ఆగినప్పుడు అద్దంలో మామ్మ వంగడం తను చూసింది. చూసి కూడా ఏమీ అనుకోలేదు. పరదేశి కాసేపటికి తగ్గి, తనూ చూశానని ఒప్పుకున్నాడు. తల్లి జీపు దిగి వంగడం అతను పద్నాలుగో ఏట నుంచీ చూస్తున్నాడు. అందులో చూడాల్సింది ఏముందని అతని కళ్లు పట్టించుకోలేదు. చూడనివాడు బానెట్టు కింద తల పెట్టిన దేవీప్రసాద్ ఒక్కడే.

మర్నాడు పొద్దున్నే నలుగురూ మళ్లీ దేవరాపల్లి వెళ్లారు. ఈసారి నీలవేణి ఒక పని చేసింది. చెక్క తీసుకుని తాతబ్బాయి ఇంటి గూట్లో పెట్టింది. అందర్నీ కింద నిలబడమని, మామ్మని మాత్రం ముందు సీట్లో తన పక్కన కూర్చోమంది. లోవమ్మ జీపు ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. అక్కడ కాళ్లు పెట్టుకునే చోటు తెలియలేదు, పట్టుకోవడానికి నెత్తి మీద కడ్డీ కూడా లేదు.

ఎత్తు మధ్యలో బండి ఆగింది. లోవమ్మ కుడికాలు దానంతటదే బయటికి పోబోయింది. ఆవిడ రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. నీలవేణి బ్రేకు లాగింది, నిన్నట్లాగే బిగుతుగా వచ్చింది. కాలు తీసింది.

జీపు వెనక్కి కదిలింది. ముందు మెల్లగా, తర్వాత నిజంగానే.  ఆ రెండు బారల దూరంలో లోవమ్మ ఇరవై ఆరేళ్ల భయమంతా ఒక్కసారి పడింది. నీలవేణి కాలు బ్రేకు మీద వేసి తొక్కింది. బండి ఆగింది. 

దేవీప్రసాద్ కిందికి దూరి చూశాడు. గేరుబాక్సు వెనక డ్రమ్ములో లైనింగు ఎప్పుడో అరిగిపోయింది, లాగే వైరు తుప్పుపట్టి గొట్టంలో బిగుసుకుపోయింది. చేతికి బిగుతుగా తగిలింది ఆ తుప్పే. రెండు రోజుల పని, చేస్తే కొత్తదానిలా పడుతుంది, మిగతా బండికి వంక లేదు అన్నాడు. పరదేశి మాత్రం తాతబ్బాయి మీద గరమయ్యాడు, తెలిసి దాచావా అని. తాతబ్బాయి నిజంగానే నొచ్చుకున్నాడు. దాచడానికి తనకి గుర్తుంటే కదా అన్నాడు. పదేళ్లలో ఆ బ్రేకు ఎన్నడూ లాగలేదట. నిన్న లోవమ్మ చెక్క పెట్టడం చూశావా లేదా అని పరదేశి నిలదీశాడు.

"సూసేను. సూడకేం? లోవప్ప దిగుద్ది, సెక్కేత్తది. కొత్తేటుంది అందులో?" అన్నాడు తాతబ్బాయి. ఆవిడవైపు తిరిగి, మెచ్చుకోలుగానే అన్నాడు. "ఈ రూట్లో బ్రేకు బాగుసేయించేవోడు ఎవడప్పా? నువ్వున్నావు గదా."

అందరూ నవ్వారు. దేవీప్రసాద్ కూడా నవ్వాడు. లోవమ్మ నవ్వలేదు.

పదేళ్ల నుంచీ, ఇరవయ్యేళ్ల నుంచీ ఆ మాట ఆవిడ వింటూనే ఉంది. నువ్వున్నావు గదా. విన్నప్పుడల్లా లోపల ఎక్కడో తియ్యగా ఉండేది. ఇవాళ అదే మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. తను దిగి చెక్క పెట్టినన్నాళ్లూ ఏ జీపువాడూ బ్రేకు బాగుచేయించుకోలేదు. ఎందుకు చేయించుకుంటాడు? తనకి పోయింది రెండు వేళ్లు. తను కాపాడాననుకున్న జనాన్ని అన్నేళ్లూ బ్రేకు లేని బండ్లలోనే తిప్పారు, తను టిక్కెట్టు మిగిలిందని మురిసింది. ఆవిడకి సిగ్గేసింది, ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. మూడూ ఒకేసారి వస్తే ఏది ముందు కానివ్వాలో తెలియక దారి పక్క బండ మీద కూర్చుని వక్క నములుతూ ఉండిపోయింది.

దేవీప్రసాద్ అన్నట్టే బ్రేకు బాగుచేశాడు. మూడోసారి అదే ఎత్తు మీద చూశారు. ఈసారి వెనక రెండు బస్తాల ఇసుక కూడా వేయించమంది లోవమ్మ. బండి పావుగంట నిలబడింది. ఆవిడ ఆ పావుగంటా ముందు సీట్లోంచి దిగలేదు. బండి ఇంటికొచ్చింది. నీలం రంగు వేశారు. చెక్కని పారేస్తానంది లోవమ్మ, నీలవేణి ఒప్పుకోలేదు. జాకీ, పానాలతోబాటు సీటు కింద ఉండనీ, అవసరమైతే బండికి పని చేస్తుంది, బండికి బదులు కాదు అంది.

అనాస కోతలు మొదలైన రోజు ఖాళీ బుట్టలు వేసుకుని ఇద్దరూ కొండెక్కారు. ముందు నీలవేణి జీపు, ఆ వెనకే నూకరాజు సర్వీసు జీపు. నూకరాజు బండి ఆరోజు కూడా నిండు గర్భిణిలా ఉంది, టాపు మీద అయిదుగురు. తెల్లరాయి మలుపు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి కర్రల లారీ దిగుతోంది. నీలవేణి పక్కకి తీసి ఆపి, హ్యాండు బ్రేకు లాగి కాలు తీసింది. లోవమ్మ కాలు ఈసారి కూడా కదిలింది, ఈసారి కూడా ఆగింది. బండి నిలబడింది. ఆవిడ లోయవైపు చూసింది. మొదటిసారి ఆ లోయలో ఉన్న చెట్లు ఏ చెట్లో చూసింది.

వెనక నుంచి హారను మోగింది. నూకరాజు కాలు బ్రేకు మీద బిగబట్టి, తల బయటపెట్టి పిలిచాడు. "లోవప్పా, సెక్క."

నీలవేణి వెళ్లొద్దని అనలేదు, వెళ్లమనీ అనలేదు. లోవమ్మ సీటు కింద నుంచి చెక్క తీసుకుని దిగింది. నూకరాజు జీపు దగ్గరికి వెళ్లి, మొదట వెనక కూర్చున్నవాళ్లని, తర్వాత టాపు మీదివాళ్లని దింపేసింది. ముసలివాళ్లు, పిల్లలు, కోళ్లతో సహా. ఎందుకు దింపుతోందో వాళ్లకి అర్థం కాలేదు, కాని లోవప్ప దిగమంటే దిగారు. అందరూ కొండవైపు నిలబడ్డాక చెక్క చక్రం కింద పెట్టింది. అప్పుడు డ్రైవరు దగ్గరికి వచ్చింది. అక్కడ హ్యాండు బ్రేకుకి అన్నం సంచీ వేలాడుతోంది.

"ఒరే నూకరాజూ, అది పని సేత్తదా?"

నూకరాజు సంచీ వంక చూసి నవ్వాడు. "దాంతో పనేటప్పా, నువ్వున్నావు గదా."

"ఇంక ఉండను," అంది లోవమ్మ.

నూకరాజు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. ఆవిడ గొంతు పెంచలేదు. ఆ చెక్క వాడికే ఇచ్చేస్తున్నానని, బ్రేకు చేయించేదాకా దాన్ని పెట్టడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకోమని, మళ్లీ సంత నాటికి ఆ సంచీ అక్కడే వేలాడుతుంటే ఈ రూట్లో ఒక్క ఆడమనిషిని కూడా తను ఎక్కనివ్వనని చెప్పింది. తర్వాత కొండవైపు నిలబడ్డవాళ్లందరికీ కనిపించేలా ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. ఏళ్ల తరబడి ఆ చేతిని కొంగు చాటున దాచుకున్న మనిషి. చంకలో పిల్లతో ఉన్న ఒకామె ముందు ఆ వేళ్ల వంకా, తర్వాత నూకరాజు బ్రేకు వంకా చూసింది. చూసి, తన మూట తనే నెత్తికెత్తుకుని నడక మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు కదిలారు.

లారీ దాటిపోయింది. లోవమ్మ తిరిగొచ్చి ముందు సీట్లో కూర్చుంది. చెక్క ఏది మామ్మా అని నీలవేణి అడిగితే, ఆడికిచ్చేసేను అంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచక కాసేపు కొంగు సర్దుకుని, ఆఖరికి ఒళ్లో పెట్టుకుంది. నీలవేణి గేరు వేసి, హ్యాండు బ్రేకు దించింది. బండి ముందుకి కదిలింది.